ఉట్టి మీది వెదురు గింజలు

నిన్న మా పెద్దమ్మాయి హైదరాబాద్ నుంచి వస్తూ ఒక పాకెట్టు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. "మోకాళ్ళ నొప్పులకు మంచిదటమ్మా, వెదురు బియ్యం. నానబెట్టి వండుకో" అంది. పిల్ల ప్రేమకు సంతోషించాలి గానీ, పాకెట్టు మూల కత్తిరించగానే వచ్చిన వాసనకు మొహం పక్కకు తిప్పుకున్నాను. పైకి ఎండుగడ్డి వాసన, దాని కింద కొంచెం పచ్చి, ఇంకా కింద ఎక్కడో ఎలుకల వాసన. పాకెట్టు మూతి మడిచి రబ్బరు బ్యాండు వేసి, పొయ్యి పక్క నుంచి తీసి దూరంగా పెట్టాను. "అది బాంబు కాదమ్మా" అని నవ్వింది పిల్ల.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అవ్వ తిట్టేది. అబద్ధమేమీ కాదు. అవతలి వీధిలో సంగతి ఇవతలి వీధికి మోసింది నేనే ఎప్పుడూ. కానీ ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్ళుగా నోట్లోనే నానుతోంది. ఇక చెప్పేస్తాను.

మేము మేదరోళ్ళం. బాన్సువాడ బస్టాండు వెనక సందులో చివరి ఇల్లు మాది. అమ్మానాన్నలు ఏడాదిలో సగం రోజులు చెరుకు కొట్టడానికి ఊళ్ళు పట్టుకుని పోయేవాళ్ళు, నన్ను తాత దగ్గర, అవ్వ దగ్గర వదిలి. ఇంటి ముందు ఎప్పుడూ చీల్చిన పచ్చి బొంగు వాసన. తాత చెప్పుల్లేని పాదంతో బొంగును తొక్కిపట్టి కత్తితో సర్రున చీరేవాడు. చాటలు, గంపలు, వడ్లు పోసుకునే గుమ్ములు, కోళ్ళ బుట్టలు. బీర్కూర్ నుంచి బిచ్కుంద దాకా మా తాత చేతి చాట లేని ఇల్లు లేదని అవ్వ గొప్పలు పోయేది.

మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన మొదటి మనిషిని నేనే. ఆ గర్వం నాకంటే తాతకే ఎక్కువ. గంపలు వేసుకుని సంతకు పోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయేవాడు. బస్సు రాగానే పదిమందికి వినిపించేలా, "ఏం రాసుందో సదువు బిడ్డా" అనేవాడు. నేను "పిట్లం!" అని అరిస్తే పక్కవాళ్ళ వైపు చూసి మీసం సవరించుకునేవాడు. అది పిట్లం బస్సని ఆయనకు ముందే తెలుసు. డ్రైవరు మొహం చూసి చెప్పగలడు. అయినా నాతోనే చదివించాలి. మందు సీసా మీది కాగితం, రేషన్ షాపు బోర్డు, బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్క, ఏదైనా సరే నేను చదివితేనే ఆయనకు నమ్మకం.

బస్టాండు దగ్గర పండ్లు అమ్మే చాచా ఒకాయన ఉండేవాడు. తాత అల్లిన గంపల్లోనే బత్తాయిలు పేర్చేవాడు. "అరె బేటీ, నువ్వు కలెక్టరవుతవ్ పో" అని ఒక పండు చేతిలో పెట్టేవాడు. ఆ పండు కోసం కూడా నేను గట్టిగా చదివేదాన్ని, దాచడమెందుకు.

ఇక మా ఇంటి దేవత పొగ. వెన్నెల రోజుల్లో కొట్టిన బొంగుకు పురుగు పడుతుందని, తాత అమావాస్య దగ్గరికొస్తేనే అడవికి పోయేవాడు. అల్లిన చాటను పది రోజులు పొయ్యి మీది అటకలో పొగకు పెట్టి గానీ అమ్మేవాడు కాదు. "పొగ తాగినదానికి పుచ్చు లేదు" అనేది ఆయన వేదం. కందిపప్పు మూట, మక్కజొన్న కంకులు, అవ్వ పెట్టె తాళం చెవి, అన్నీ పొయ్యి మీదనే వేలాడేవి. నాకు జలుబు చేస్తే నన్ను కూడా పొయ్యి ముందు కూచోబెట్టేవాళ్ళు. పుచ్చిపోతానని కాబోలు.

ఆ ఏడు చలికాలం చివర ఒక సాయంత్రం తాత గాంధారి దిక్కు అడవి నుంచి ఉత్త చేతులతో వచ్చాడు. కాళ్ళు కడుక్కోలేదు. గోడకానుకుని కూచుని, రుమాలు కొంగులోంచి ఒక ఎండుపుల్ల లాంటిది తీసి అవ్వ ముందు పెట్టాడు. కణుపు కణుపుకూ గడ్డిరంగు ముళ్ళ గుత్తులు. చూడ్డానికి అందంగా కూడా లేదు.

అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పూసిందా?"

"పూసింది."

"ఒక్క పొదనేనా?"

"గుట్టంత పూసింది. మొన్న మొన్న లేచిన పిల్ల బొంగు సుత పూసింది."

"అయ్యో దేవుడా, ఇగ ఎట్ల బతుకుడు!" అని అవ్వ అక్కడే కూలబడింది.

నాకు అర్థం కాలేదు. "పూస్తే మంచిదే గదా అవ్వా? మామిడి పూస్తే సంబురపడ్తవ్ గదా?"

"మామిడి పూస్తె కాస్తది పిల్లా. వెదురు పూస్తె సస్తది" అంది అవ్వ. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టినా ఎవరూ తినలేదు.

తాత తన చిన్నప్పుడు ఒక్కసారి చూశాడట ఆ పూత. పూసింది, గింజ రాలింది, పొదలన్నీ నిలువునా ఎండిపోయాయి. గింజలు తిన్న ఎలుకలు వేలకు వేలయి, అడవిలో గింజ అయిపోగానే పొలాల మీద పడ్డాయట. వడ్లు పోయాయి, పని పోయింది. తాత వాళ్ళ నాయన పిల్లలను తీసుకుని గోదావరి దాటి మరాఠీ దేశం దాకా నడిచాడట. పోయేటప్పుడు నలుగురు పిల్లలు, వచ్చేటప్పుడు ముగ్గురు. "మా చెల్లె నీ అంతనే ఉండె" అన్నాడు నన్ను చూసి. ఆ మాట నాకు నచ్చలేదు. అవ్వ కొంగు పట్టుకుని పడుకున్నాను.

వారం తిరగకముందే మొక్కల మేడం వచ్చింది. పట్నంలో పెద్ద చదువు చదివి, మన అడవుల్లో పుట్టిన మొక్కలను లెక్కరాసే ఉద్యోగంలో ఉందట. నెత్తిన టోపీ, కాళ్ళకు బూట్లు, జీపు. వెదురు పూసిందని తెలిసి వెతుక్కుంటూ వచ్చింది. అడవి ఎరిగిన మనిషి కావాలంటే ఎవరో మా తాతను చూపించారు. నేను తోక. రోజూ జీపు ఎక్కొచ్చని బడి ఎగ్గొట్టాను.

ఆమె పని చూడముచ్చటగా ఉండేది. ప్రతి చెట్టు నుంచి ఒక కొమ్మ తుంచి, పాత పేపరు మడతలో పరిచి, ఆకు ముడత పడకుండా వేళ్ళతో సర్ది, రెండు చెక్క పలకల మధ్య పెట్టి తాళ్ళతో బిగించేది. తాత చెప్పే పేరు ఒకటి, ఆమె రాసుకునే పేరు ఒకటి. తునికి, ఇప్ప, నల్లమద్ది, కొడిశ అని తాత చెబుతుంటే ఆమె ప్రతిదీ రెండుసార్లు పలికించుకునేది. బడికి పోని మనిషి దగ్గర అంత చదువుకున్న మనిషి పాఠం నేర్చుకోవడం నేను అప్పుడే చూశాను.

"గిట్ల పేపర్ల పెడితే ఏమైతది మేడం?" అని అడిగాడు తాత.

"ఎండుతుంది, కానీ పోదు తాతా. ఎన్నేళ్ళ తర్వాత తీసి చూసినా, ఇది ఫలానా చోట ఉండేదని సాక్ష్యం చెబుతుంది."

వెదురు పూత శాపం కాదని ఆమె చెప్పింది. ఆ జాతి గుణమే అంతట. నలభై, యాభై ఏళ్ళకోసారి అన్నీ కలిసి పూసి, గింజ రాల్చి, చచ్చిపోయి, ఆ గింజలోంచే మళ్ళీ పుడతాయట. తాత తల ఊపాడు గానీ నమ్మినట్టు లేడు. ఆకు రాలిన పొదలు గాలికి ఒకదానికొకటి రాసుకుని కిర్రుకిర్రుమంటుంటే, శాపం కాదన్న మాట నాకూ ఎక్కలేదు.

ఎండలు ముదిరేసరికి గింజ రాలింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అడవిలోనే ఉన్నాయి. పొద కింద ఊడ్చడం, చీర పరిచి బొంగు ఊపడం, చాటతో చెరగడం. మా ఇంట్లో నెల రోజులు వెదురు బియ్యమే. అవ్వ చిక్కటి జావలా, గట్కలా వండి, చింతకాయ తొక్కు వేసి పెట్టేది. బాగుండేది. బాగుండేదని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. మేం తింటుంటే చూరులో ఎలుకలు తిరిగేవి. పగలు కూడా భయం లేకుండా వాకిట్లోకొచ్చి కూచునేవి. వాటి వెనక పాములు. పెరట్లో స్నానాల బండ ఉండే జాలారి దగ్గరికి పోవాలంటే అవ్వ ముందు కర్రతో తట్టి వచ్చేది.

మేడం అది చూసి భయపడింది. "తాతా, అందరూ ఊడ్చుకుపోతే, మిగిలింది ఎలుకలు తింటే, ఇక మొలిచేదేది? ఒక్క కుండెడు మంచి గింజ దాచండి. మొదటి వాన పడగానే మట్టి సంచులు తెస్తాను. మీ పెరట్లోనే నారు పోద్దాం. మళ్ళీ గుట్ట మీద నాటుదాం."

తాత రెండు రోజులు తిరిగి, తనకు బాగా తెలిసిన గట్టి పొదల కింద గింజ ఏరి, కొత్త కుండ నింపాడు. ఆ కుండను చేతిలో పట్టుకున్నప్పుడు ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత కళ కనిపించింది. మేడం ఊరెళ్ళిన సాయంత్రమే, ప్రాణం లాంటి వస్తువు గనక, ప్రాణం లాంటి చోటే పెట్టాడు. పొయ్యికి సరిగ్గా పైన, ఉట్టిలో. "పొగ తాగినదానికి పుచ్చు లేదు."

"ఇత్తనం కుండ. ముట్టితే చెయ్యి ఇరుస్త" అంది అవ్వ నాతో. "ఇత్తనం తిన్నోళ్ళ ఇంట్ల ఇత్తు మొలవది."

చెప్పకపోయినా బాగుండేది. ముట్టొద్దన్నాక ఆ కుండ తప్ప నా కంటికి ఇంకేదీ ఆనలేదు. తినే గింజ అయిపోయింది, గట్క లేదు, పెనం మీద పేలాల్లా వేయించి బెల్లం ముక్కతో నమిలితే ఆ రుచే వేరు. అవ్వ నీళ్ళకు పోగానే రోలు ఎక్కేదాన్ని. ఒక గుప్పెడు, ఇంకో రోజు ఇంకో గుప్పెడు. ఒకసారి అవ్వ తొందరగా వచ్చేసింది. గుప్పిట్లోవి గౌను జేబులో పోసుకుని జాలారి వైపు పరుగెత్తి, బండ పక్కన గడ్డిలో దులిపేశాను. కుండలో గింజ నాలుగు వేళ్ళు దిగిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులకు మేడం జీపు బస్టాండు దగ్గర నన్ను చూసి ఆగింది. ఆమె పై ఊరికి పోతోంది, డ్రైవరు హారను కొడుతున్నాడు. నా చేతిలో ఒక చీటీ పెట్టి, "తాతకు చదివి వినిపించు. మరిచిపోకు, చాలా ముఖ్యం" అంది.

దారిలోనే చదివాను. గింజలను గుడ్డ సంచిలో పోసి గాలి తగిలే చల్లని చోట పెట్టాలి. ఎండ, పొగ, పొయ్యి వేడి తగలకూడదు, తగిలితే గింజ లోపల చచ్చిపోతుంది. ఎలుకలు ముట్టకుండా చూడాలి. మొదటి వానకు వస్తాను. అంతే ఉంది.

సంచిలో పోయాలంటే కుండ దించాలి. దించితే అవ్వ మూత తీస్తుంది.

తాత వాకిట్లో కత్తి నూరుతున్నాడు. "ఏం రాసిందే మేడం? గట్టిగ సదువు, మీ అవ్వ సుత ఇంటది."

చదివాను. "ఎలుకలు ముట్టకుంట సూడాల్నట. మొదటి వానకు అస్తదట."

"గంతేనా? గింత పొడుగు రాసింది?"

"గంతే తాతా. ఇంగ్లీషుల సుత రాసింది."

తాత నవ్వాడు. "ఉట్టికెక్కి ఎలుక ముడ్తదా! మేడంకు చెప్పు, ఫికర్ చెయ్యొద్దని." చీటీని నేను చూరు సందులో దోపాను. పొయ్యిలో అవ్వ కట్టె ఎగదోసింది. పొగ నిటారుగా కుండ చుట్టూ లేచింది.

పదిహేను రోజులు కాలేదు, ఒక మిట్టమధ్యాహ్నం ఊరంతా వీధిలోకి వచ్చి నిలబడింది. అడవి దిక్కు ఆకాశం గోధుమరంగులో ఉంది. ఎండిన పొదలు రాసుకుని అంటుకున్నాయని కొందరు, ఎవరో బీడీ పారేశారని కొందరు. బొంగులు పగిలే చప్పుడు ఇక్కడిదాకా వచ్చిందంటారు. నాకు వినిపించిందో, నేను అనుకున్నానో తెలియదు. మూడో రోజు తాత పోయి చూసి వచ్చాడు. మోకాళ్ళ దాకా బూడిద. గుట్ట మీద రాలిన గింజ, అక్కడక్కడ లేచిన మొలక, అన్నీ పోయాయి. ఉట్టి వైపు చూసి అవ్వతో అన్నాడు, "ఇగ మన అడవి గా కుండలనే ఉన్నది."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పాలనే మూడుసార్లు ఆయన పక్కన పోయి కూచున్నాను. మూడుసార్లూ ఆయన నా తల నిమిరాడు. ఆ చెయ్యి తల మీద ఉండగా నోరు పెగల్లేదు. నా వీపు విమానం మోత మోగుతుందని నా భయం. నా వీపుకు గుట్టెడు అడవిని అడ్డం పెట్టుకున్నాను. దరిద్రపు దాన్ని.

వాన పడింది. మేడం మాట ప్రకారం నల్ల సంచులు, ఎర్రమట్టి తెచ్చింది. అవ్వ కుండ దించి మూత తీసింది. నేను కళ్ళు మూసుకున్నాను. "తగ్గినట్టున్నదే" అంది అవ్వ. "ఎండితే కుంగదా?" అన్నాడు తాత. అయిపోయింది. ఇంతే! దీనికోసమా నేను నోరు మూసుకున్నది? కుండ అడుగంతా పొగచూరి నల్లగా ఉంది.

సంచికి రెండేసి గింజలు పెట్టారు. వరి మొలకలా సూదిగా లేస్తుందని మేడం చెప్పింది. తాత తెల్లారగానే సంచుల ముందు గొంతుకూచుని చూసేవాడు. వారం. పది రోజులు. గడ్డి మొలిచింది, తీసేశాడు. ఇరవై రోజులకు మేడం మళ్ళీ వచ్చింది. ఒక సంచిలో వేలు పెట్టి గింజ తీసి గోటితో చీల్చింది. లోపల ముదురు గోధుమ రంగు. ఇంకోటి, ఇంకోటి. అన్నీ అంతే.

"ఎక్కడ పెట్టారు తాతా?"

"పొయ్యి మీద, ఉట్టిల. సూడు మేడం, ఒక్కటన్న పుచ్చు పట్టిందా?" అన్నాడు తాత. ఆ గొంతులో గర్వం నాకిప్పటికీ వినిపిస్తుంది.

మేడం నా వైపు తిరిగింది. "చీటీ చదివావా?"

నేను నేల చూశాను. తాతే అందుకున్నాడు. "సదివింది మేడం. మంచిగ సదివింది. మా పిల్ల సదువుల తప్పు పోది."

ఆమె నా మీంచి చూపు తిప్పి, పుస్తకం మూసేసి, "తప్పు నాదే. ఆ రోజు నేనే ఇంటికొచ్చి చెప్పాల్సింది" అంది. జీపెక్కే ముందు తాత చేతులు పట్టుకుంది. మళ్ళీ రాలేదు.

ఇక్కడితో అయిపోతే చిన్నప్పుడు తెలియక చేశానని సర్దుకునేదాన్నేమో. మర్నాడు పొద్దున స్నానానికి పోతే, జాలారి బండ పక్కన గడ్డిలో మూడు మొలకలు. గడ్డి కాదు. సూదుల్లా నిటారుగా, ఒకదానికి అప్పుడే చిన్న ఆకు విప్పింది. నేను దులిపేసిన గింజలు. ఎక్కువ రోజులు పొగ తగలకముందే తీసిన గింజలు. తాత అడవిలో మిగిలింది ఆ మూడే.

తాతను పిలవాలి. పిలిస్తే, ఇక్కడికెట్ల వచ్చినయే అంటాడు. ఉట్టి మీది గింజ జాలారి దాకా నడిచి రాదు కదా. దొంగతనం బయటపడితే చీటీ బయటపడుతుంది. పక్కింటి వాళ్ళెవరో దగ్గిన చప్పుడైంది. అంతే, మూడింటినీ పీకేశాను. వేళ్ళకు గింజ పొట్టు ఇంకా అంటుకునే ఉంది. బూడిద కుప్పలో కప్పెట్టి, మీద నీళ్ళు పోసి, బడికి పోయాను. ఆ రోజు ఎక్కం కూడా తప్పు లేకుండా చెప్పాను.

అవ్వ శాపం నాకు తగల్లేదు. నాకిద్దరు పిల్లలు, చల్లగా ఉన్నారు. తగిలింది తాతకు. అటక మీద మిగిలిన బొంగులతో ఏడాదిన్నర లాగాడు. తర్వాత దూరం నుంచి కొన్న బొంగు గిట్టలేదు. పండ్ల చాచా ఒక రోజు తల వంచుకుని, "క్యా కర్నా అన్నా, ప్లాస్టిక్ డబ్బాలల్లనే మాల్ అస్తుంది" అన్నాడు. తాత రైసుమిల్లులో కాపలాకు కుదిరాడు. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. సంతకు తీసుకుపోయేవాడు, బత్తాయి కొనిచ్చేవాడు.

ఆయన పోయింది నేను కాలేజీలో ఉన్నప్పుడు. పదకొండో రోజు అవ్వ ఆయన కత్తుల మూట విప్పమంది. మేదరి కత్తి, ఆకురాయి, వాటి కింద నాలుగు మడతల పాత పేపరు. విప్పాను. మధ్యలో మూడు ఎండు మొలకలు, ఆకు ముడత పడకుండా వేళ్ళతో సర్ది పరిచి ఉన్నాయి. వేళ్ళకు గింజ పొట్టు, దాని మీద కాస్త బూడిద. పక్కనే నేను చూరు సందులో దోపిన మేడం చీటీ.

పలకరించడానికి వచ్చిన చాచా నా చేతిలోది చూశాడు. "గీ చీటీనా బేటీ? గా వానకాలంలనే తెచ్చిండు మీ తాత. నాతోని మూడుసార్లు సదివిపిచ్చుకున్నడు. సదివినంక చీటీ మడిచి రుమాల్ల పెట్టుకొని లేచి పోయిండు."

అప్పుడు గుర్తొచ్చింది, ఆ వానకాలం తర్వాత ఒక సంత రోజు. బస్టాండులో తాత చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. బస్సొచ్చింది. నేను బోర్డు చూసి నోరు తెరిచేలోపే, ఆయన పక్కనున్న ఎవరినో అడిగాడు, "అన్నా, గిది పిట్లం బస్సేనా?"

పెద్దదాన్నయ్యాను కదా, ఇక నాతో ఆడుకోవడం మానేశాడనుకున్నాను. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ నాతో ఒక్క అక్షరం చదివించుకోలేదు.